చిలకాకుపచ్చ చీర తెల్లబడింది: బాన్సువాడ వరిపొలాల్లో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్‌తో ఒక రోజు

నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలియదు. నిజామాబాద్‌లో నేను పనిచేసే ఫొటో స్టూడియోలో ఒక పెళ్లి ఆల్బమ్ వల్ల ఈ సంగతి బయటపడింది. పెళ్లికూతురి ముఖం ఆకుపచ్చగా తేలిందని వాళ్లు ఆల్బమ్ తిప్పి పంపారు. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. యజమాని గట్టిగా ఏమీ అనలేదు గానీ, రంగులు దిద్దే పని మాత్రం ఇంకొకరికి అప్పగించాడు. కెమెరా వదిలేది లేదని నేను ఆ రోజే నిశ్చయించుకున్నాను. రంగులతో పని లేని ఫొటోల కోసం వెతుకుతుంటే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోగ్రఫీ దొరికింది. కంటికి కనబడని కాంతితో తీసే ఫొటో అది. ఆకులు మంచు పట్టినట్టు తెల్లగా వస్తాయి, నీళ్లూ ఆకాశమూ నల్లబడతాయి. ఒక నలుపు తెలుపు ఫొటోల ప్రదర్శనకు ఎంట్రీలు పిలిచారని తెలిసి, బాన్సువాడ వరిపొలాలు తీసి పంపాలనుకున్నాను.

ఫిల్టర్ ఎంచుకోవడానికే చాలా రోజులు పట్టింది. దుకాణాల్లో యూవీ ఫిల్టర్ అని అమ్మేది అతినీలలోహిత కాంతిని ఆపుతుంది, చూపించదు. లెన్స్‌కు గీతలు పడకుండా చాలామంది దాన్నే పెట్టుకుంటారు. ఆ కాంతిలో ఫొటో తీయాలంటే వేరే ఫిల్టర్, మార్పులు చేయించిన కెమెరా కావాలి. అది నా తాహతుకు మించిన పని. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ల మీద 590, 720, 850 అని అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ రంగు తగ్గి, 850 దగ్గర నలుపు తెలుపులే మిగులుతాయి. మామూలు కెమెరాకు 720 సులువని దుకాణదారు నచ్చజెప్పాడు. అందులో మిగిలే రంగును నేను దిద్దలేను కాబట్టి 850 తీసుకున్నాను. దానితో మండుటెండలో కూడా ఒక్కో ఫొటోకు నిమిషానికి పైగా పడుతుంది.

యాసంగి వరి, అంటే రబీ పంట, పచ్చగా ఉండే ఫిబ్రవరిలో, పొద్దున్నే వర్ని మీదుగా వెళ్లే బస్సు ఎక్కాను. గంటన్నర దాటాక బాన్సువాడలో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, సాయిలు అనే అతని ఆటో మధ్యాహ్నం దాకా కిరాయికి మాట్లాడుకున్నాను. ఇలాంటి ఫొటోలకు నడినెత్తి ఎండే మంచిది కనుక తొందరేమీ లేదు. సాయిలు నా ఫిల్టర్‌ను ఎండకు పట్టి చూసి, "గీ నల్లద్దంలకెల్లి ఏం కనవడ్తది అన్నా?" అని అడిగాడు. మనకు కనబడదు, కెమెరాకు కనబడుతుందన్నాను. నమ్మినట్టు లేదు గానీ, కాలువ పక్కనున్న ఒక క్యాంపుకు తీసుకెళ్లాడు. క్యాంపు అంటే ఇక్కడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరు.

అక్కడ ఒక పెద్దావిడ పారతో పొలంలోకి నీళ్లు మళ్లిస్తోంది. పేరు వెంకాయమ్మ. సాయిలుకు తెలిసినావిడే. భర్తకు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ అయిందనీ, కొడుకు అక్కడే ఉన్నాడనీ, కాలువ నీళ్ల వంతు తప్పిపోకూడదని తాను వచ్చేసిందనీ చెప్పింది. పొలం ఎలా ఉందోనని ఆయన రోజూ ఫోన్లో అడుగుతున్నాడట. ఫొటో తీస్తానంటే ఆయనకు పంపొచ్చని సంతోషంగా ఒప్పుకుంది. కెమెరాను స్టాండ్ మీద బిగించి, ముందుగానే ఫోకస్ చేసి, యూవీ ఫిల్టర్ తీసి నల్లది ఎక్కించాను. కదలకూడదన్నాను. ఆవిడ పార ఆనించుకుని గట్టు మీద నిమిషానికి పైగా కళ్లు కూడా ఆర్పనట్టు నిలబడింది. గాలి కూడా ఆగింది.

తెర మీద బొమ్మ చూశాను. పొలమంతా వెన్నలా తెల్లగా ఉంది. కాలువ నల్లగా, పైన ఆకాశం ఇంకా నల్లగా. మధ్యలో మనిషి. ఇన్నేళ్లలో అంత మంచి ఫొటో నేను తీయలేదు. ఆవిడ దగ్గరికొచ్చి తెర మీదికి వంగి చూసింది.

"తెల్లచీర కట్టించావేంటి బాబూ నాకు?" అంది. "ఆయన ఆసుపత్రిలో ఉంటే?"

కొన్ని చీరల రంగులు ఈ కాంతిలో కనబడకుండా పోతాయి, బట్ట తెల్లగా వచ్చేస్తుంది. చదివాను గానీ, మనిషిని నిలబెట్టేటప్పుడు అది తట్టలేదు. కారణం చెప్పబోయాను. ఆవిడ వినలేదు, గట్టు మీద కూలబడింది. సాయిలు నా పక్కకొచ్చి, "తీసెయ్యన్నా దాన్ని" అన్నాడు మెల్లగా.

చెరిపేశానని చెప్పి ఆవిడకు తెలియకుండా దాచుకోవచ్చన్న ఆలోచన రాలేదని చెప్పను. కెమెరా ఆవిడ ముందు పెట్టి, ఆవిడ చూస్తుండగానే చెరిపేశాను. నల్ల ఫిల్టర్ విప్పేసి, మామూలు ఫొటో తీస్తానన్నాను. ఆవిడ లేచి ముఖం కడుక్కుని వచ్చింది. నాకు రంగులు తెలియవని అప్పుడు చెప్పేశాను. చీర అంచును చేత్తో చూపిస్తూ, "చిలకాకుపచ్చ బాబూ, అంచు కుంకుమరంగు" అంది. నాకు రెండూ ఒకేలా ఉన్నాయి.

రంగుల ఫొటో తీశాక గాలి లేచింది. మళ్లీ నల్ల ఫిల్టర్ ఎక్కించినా, వరి ఊగినంతసేపూ ఫొటో అలికినట్టు వచ్చింది. కాలువ తూము దగ్గరికి మారి, ఆగిన క్షణాల కోసం కాచుకుని, సాయిలును బతిమాలి, సాయంత్రం దాకా ప్రయత్నించాను. మనిషి లేని ఒక ఫొటో పరవాలేదనిపించింది. అదే ప్రదర్శనకు పంపాను, ఎంపిక కాలేదు. రంగుల ఫొటోను మాత్రం వెంకాయమ్మ గారికి ఫోన్లో పంపాను. అంచు ఎరుపు చాల్లేదని ఒకసారి, మరీ ఎక్కువైందని ఇంకోసారి అంది. సరిపోయిందనే దాకా దిద్దాను. ఆవిడ భర్త ఇంటికొచ్చాక, పొలం బాగుందని తనే ఫోన్ చేసి చెప్పాడు.

రంగుల నుంచి తప్పించుకుందామని నేను ఆ నల్లద్దం కొన్నాను. ఇప్పుడు ఇన్‌ఫ్రారెడ్ మానలేదు, వచ్చే యాసంగికీ వెళ్తాను. కానీ రంగు ఫొటోలూ తీస్తున్నాను. తెలియని చోట పక్కవాళ్లను అడుగుతున్నాను. అడగడానికి సిగ్గుపడి ఇన్నాళ్లూ ఎంత పని పోగొట్టుకున్నానో అనిపిస్తుంది. మీరూ ఈ ఫిల్టర్‌తో మనుషుల్ని తీయాలనుకుంటే, ముందు వాళ్ల కొంగునో కండువానో ఒక్కదాన్నే ఫొటో తీసి చూపించండి. ఏ రంగులో వస్తుందో చూశాక, నిలబడాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.