కవరు మీద రాసిన కారణం

ఉయ్యూరులో మా సంఘంలో ఆదివారం ఆరాధనప్పుడు కృతజ్ఞత కవర్లు చదివేది నేనే. పదకొండేళ్ళుగా చదువుతున్నాను. కవరు మీద మూడు గీతలు అచ్చు వేసి ఉంటాయి: పేరు, మొత్తం, కారణం. పిల్లాడికి జ్వరం తగ్గినా, గేదె ఈనినా, చెరకు నరకడానికి ఫ్యాక్టరీ వాళ్ళు కటింగ్ ఆర్డరు ఇచ్చినా మావాళ్ళు కవరులో కొంత పెట్టి, కారణం రాసి కానుకల సంచిలో వేస్తారు. నేను మైకు ముందు నిలబడి వరసగా చదువుతాను. మొత్తం మాత్రం చదవను. అది నేను పెట్టిన నియమమే. మొత్తాలు చదివే రోజుల్లో ఆరాధన వేలంపాటలా తయారయ్యేది.

కొందరు కారణం రాయరు. అలాంటి కవరు వస్తే "కారణం దేవునికి తెలుసు" అంటాను. ఆ మాట కూడా నేను పెట్టిందే. జనానికి నచ్చింది. నా గొంతు బాగుంటుందని కూడా అంటారు. ఈ రెండింటివల్లా నాకు కాస్త పొగరుండేది, ఒప్పుకుంటాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మైకు ముందు నిలబడే మనిషే మిగతా ఆరు రోజులూ ఫోనులో జూదం ఆడేవాడు. ఆదివారం ఆడేవాణ్ణి కాదు. నా భక్తి ఆ మాత్రం ఉండేది.

నాది బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వెళ్ళి రావాలి. ఒకరోజు పక్క సీటాయన ఫోనులో చిన్న విమానం ఎగురుతుంటే తొంగి చూశాను. తప్పు నాదే, పక్కవాడి ఫోనులోకి చూడకూడదు. ఆయన సంతోషంగా నేర్పించాడు. డబ్బు పెడితే విమానం లేస్తుంది. అది పైకి పోయేకొద్దీ మన డబ్బు రెట్టింపవుతుంది, మూడింతలవుతుంది. అది మాయమయ్యేలోగా బటన్ నొక్కి దిగిపోవాలి. దిగకపోతే డబ్బు దానితోపాటే పోతుంది. అంతే ఆట. మూడో తరగతి పిల్లలకి కూడా అర్థమవుతుంది. కాకపోతే వాళ్ళకి జీతం రాదు కాబట్టి ఆడరు.

మన రాష్ట్రంలో ఇలాంటివి ఆడకూడదని చట్టం ఉంది. ఆ సంగతి యాప్‌కి కూడా తెలుసు. మీదే రాష్ట్రం అని అడిగింది. నిజం నొక్కితే క్షమించమంది.

"అట్టా కాదండీ, వేరే స్టేట్ పెట్టండి. అందరం అట్టాగే పెడతాం," అన్నాడాయన.

పెట్టాను. అప్పట్నుంచి రెండేళ్ళపాటు నేను పరాయి రాష్ట్రంలో కాపురం ఉంటూ, కంకిపాడు, పెనమలూరు, పోరంకి మీదుగా ఆఫీసుకి వెళ్ళాను. బస్సులో ఇరవయ్యేళ్ళుగా ఒక్క స్టాపు కూడా దాటిపోని మనిషిని, ఆ విమానంలోంచి మాత్రం సమయానికి దిగలేకపోయేవాణ్ణి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకునేవాణ్ణి. అది పోయేది. పోయాక, ఈసారి దిగుతాను అనుకునేవాణ్ణి.

మా ఆవిడ కంకిపాడులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి టీచరు. ఆ బడిలో టీచర్లకి క్లాసులో కుర్చీ వేయరు. కూర్చుంటే పాఠం సరిగ్గా చెప్పరని యాజమాన్యం నమ్మకం. పధ్నాలుగేళ్ళుగా ఆమె నిలబడే ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి నొప్పుల నూనె రాసుకునేది. ఆ వాసన మా ఇంటి వాసనే అయిపోయింది. "నాకు డీఏ అరియర్స్ రావాల్సినవి ఉన్నాయి కదా, అవి రాగానే మానేద్దువుగాని" అని నాలుగేళ్ళుగా చెబుతూ వచ్చాను. ఆమె నమ్మింది. నేను కూడా నమ్మాననే అనుకుంటాను. ప్రభుత్వం ఏళ్ళ తరబడి బాకీ పడ్డ ఆ కరువు భత్యం కోసం మా సంఘంలో సగం మంది ఎదురు చూస్తున్నారు. వాళ్ళలో సగం మంది టీచర్లు, మిగతా సగం రిటైరైన టీచర్లు.

ఒక మంగళవారం సాయంత్రం, తిరుగు బస్సులో, నేను విమానంలోంచి సమయానికి దిగాను. నేనుగా దిగింది కాదు. కండక్టరు చిల్లర కోసం భుజం తట్టాడు, వేలు బటన్ మీద పడింది. నా రెండేళ్ళ జూదంలో అతి పెద్ద ఆటను కండక్టరు గెలిచాడన్నమాట. లక్షా ఎనభై వేలు. ఆడటానికి వేరే చిన్న ఖాతా వాడేవాణ్ణి. అంత మొత్తం అందులో పడదని యాప్ అనడంతో కంగారులో జీతం ఖాతా నంబరు ఇచ్చాను. జీతం ఖాతా మెసేజీలు మా ఆవిడ ఫోనుకి వెళతాయి. ఖాతా తెరిచినప్పుడు మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను ఆమెది.

నేను ఇంట్లోకి అడుగు పెట్టేసరికి నూనె సీసా ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, లక్షా ఎనభై వేలు పడ్డాయంట మీ ఖాతాలో. ఏంటండీ ఇది?"

"అరియర్స్," అన్నాను. ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. నాలుగేళ్ళుగా నోట్లో నానుతున్న మాట కదా, దానంతటదే వచ్చేసింది.

ఆమె సీసా మూత పెట్టింది. "అయితే ఇంక నేను మానేయొచ్చా అండీ?"

"ఊఁ," అన్నాను. ఆమె ఏడ్చింది. సంతోషంతో. అది చూసి నేను కూడా సంతోషపడ్డాను, సిగ్గు లేకుండా. మర్నాడే ఆమె నెలాఖరుకి మానేస్తానని బడిలో కాగితం ఇచ్చేసింది.

ఆదివారం వచ్చింది. కానుకల సంచిలోంచి కవర్లు తీసి ఒక్కొక్కటీ చదువుతున్నాను. నాలుగోది చేతిలోకి తీసుకోగానే ఆ చేతిరాత తెలిసిపోయింది. మూడో తరగతి పిల్లలకి చూచిరాత దిద్దించే గుండ్రటి అక్షరాలు. పేరు మా ఆవిడది. మొత్తం అన్న చోట వచ్చినదాంట్లో సరిగ్గా పదో వంతు. కారణం: నా భర్తకు డీఏ అరియర్స్ వచ్చినందుకు.

కవరు వేస్తానని ఆమె నాకు చెప్పలేదు. నన్ను సంతోషపెడదామనుకుందట.

చదవకుండా పక్కన పెట్టొచ్చు. కానీ ఆమె మొదటి వరసలో కూర్చుని, కొత్త చీర కట్టుకుని, నా నోటి వంకే చూస్తోంది. చదివాను. మంచి గొంతుతో, తొణకకుండా చదివాను. చివర "దేవునికి స్తోత్రం" అని కూడా అన్నాను. ఎవరూ తిరిగి స్తోత్రం అనలేదు. మందిరమంతా ఒక్కసారిగా తలెత్తింది. మూడో వరసలో రిటైరైన హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు.

ఆ రోజు ప్రసంగం ఎవరూ విన్నట్టు లేదు. ఆశీర్వాదం అవగానే అందరూ నా చుట్టూ మూగారు.

"ఏ బిల్లు కింద పెట్టారండీ?"

"పెన్షనర్లక్కూడా వేస్తున్నారా అండీ, సర్వీసులో ఉన్నోళ్ళకేనా?"

"మీకొక్కళ్ళకే ఎట్టా పడ్డాయండీ? ఎవర్ని పట్టుకున్నారో చెప్పండి, మేమూ పట్టుకుంటాం."

ఇంకా ప్రాసెస్‌లో ఉంది అన్నాను. ప్రభుత్వ ఉద్యోగంలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క విద్య ఆ వాక్యం.

బుధవారానికల్లా సంగతి చల్లపల్లి దాకా పాకింది. అక్కడి ఒక లెక్కల మాస్టారు ఫోను చేసి, నేనెవరో తెలియకపోయినా, సార్ సార్ అని పావుగంట మాట్లాడారు. నేను పైవాళ్ళకి ముట్టజెప్పి అరియర్స్ తెప్పించుకున్నానని మా ఆఫీసులో తేల్చేశారు. ఎవరూ నన్ను అసహ్యించుకోలేదు. పైగా గౌరవం పెరిగింది. పదేళ్ళుగా నాకు టీ చెప్పని మా సూపరింటెండెంట్ గారు టీ చెప్పి, ఎంత పర్సెంటు అయిందని మెల్లగా అడిగారు.

ఈలోగా డబ్బు సంగతి. పదో వంతు దేవుడికి వెళ్ళింది. మిగతా తొమ్మిది వంతులూ విమానంలో వెళ్ళాయి. ఒకసారి దిగడం తెలిసిపోయిందనుకున్నాను. ఉన్నదాన్ని నాలుగు లక్షలు చేస్తే అబద్ధం దానంతటదే నిజమైపోతుందని, ఆమె హాయిగా ఇంట్లో కూర్చోవచ్చని లెక్క వేశాను. మెసేజీలు చూసి ఆమె అడిగితే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తున్నానన్నాను. గురువారం పోరంకి దాటేసరికి అంతా అయిపోయింది. ఆఫీసుకి వెళ్ళి, సంతకం పెట్టి, సాయంత్రం దాకా పనిచేశాను.

శనివారం హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చారు. చంకలో ఫైలు. ఆయన సర్వీసంతా ఆ ఫైల్లో ఉంది.

"బాబూ, నేను ట్రెజరీకి వెళ్ళొచ్చాను. ఎవళ్ళకీ పడలేదన్నారు. ఒక్కళ్ళకి కూడా పడలేదంట. నీకెట్టా పడ్డాయో చెబితే ఈ ముసలాడికి పుణ్యం ఉంటుంది," అన్నారు.

మా ఆవిడ అప్పుడే టీ తీసుకొచ్చింది. కప్పు ఆయన చేతికి ఇచ్చి, నా మొహం చూసింది. నేను ప్రాసెస్‌లో ఉందండీ అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన వెళ్ళాక ఏదో అడుగుతుందని ఎదురు చూశాను. అడగలేదు. అన్నం పెట్టింది. మర్నాటికి నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి అరిచేవాణ్ణి, నా సంగతి నాకు తెలుసు.

మర్నాడు ఆరాధనలో మళ్ళీ కవర్లు. ఈసారి రెండోదే ఆమెది. పేరు దగ్గర ఆమె పేరు. మొత్తం దగ్గర గీత ఖాళీ. లోపల కూడా ఏమీ లేదు. కారణం అన్న చోట "నా భర్త కోసం ప్రార్థించండి" అని సగం గీత వరకు రాసి ఆపేసింది. ఎందుకు ప్రార్థించాలో రాయలేదు. మిగతా సగం గీత నాకు వదిలేసింది.

కారణం దేవునికి తెలుసు అంటే అయిపోతుంది. పదకొండేళ్ళుగా అందరికీ అన్నదే. నోటి చివరిదాకా వచ్చింది కూడా. ఆమె తల దించుకుని కూర్చుని ఉంది. పోయిన వారం కట్టుకున్న చీర కాదు, బడికి కట్టుకెళ్ళే చీర.

"కారణం నాకు తెలుసు," అన్నాను.

తర్వాతది మంచి గొంతుతో చెప్పలేకపోయాను. ఫోనులో జూదం ఆడుతున్నానని, అరియర్స్ రాలేదని, వచ్చింది జూదం డబ్బని, అదీ పోయిందని, ఆమెకి ఇవేవీ తెలియవని చెప్పాను. ఐదు వాక్యాలు. మైకు గీ అని కూసింది. ఎవరో సరిచేశారు. అప్పుడు మూడో వరసలోంచి హెడ్మాస్టరు గారు, పక్కాయనతో మెల్లగా అన్నాననుకుని, అందరికీ వినపడేలా అన్నారు:

"అయితే ఎవళ్ళకీ రాలేదన్నమాట."

ఆ గొంతులో నా మీద కోపం లేదు. ఎంతో నిశ్చింత ఉంది. పాస్టరు అయ్యగారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చేసిన తర్వాత మిగిలిన కవర్లు నా చేతిలోంచి తీసుకుని ఆయనే చదివారు. అప్పట్నుంచీ ఆయనే చదువుతున్నారు.

సోమవారం పొద్దున మా ఆవిడ నాకంటే ముందే బస్టాండులో ఉంది. ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటానని బడిలో అడగాలి. ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను.

"ఆ ఆట ఏదీ?"

"తీసేశాను."

"ఎట్టా ఉంటదో చెప్పండి."

చెప్పాను. విమానం లేస్తుందని, అది పోయేలోగా దిగాలని.

"ఒక్కసారి కూడా దిగలేదా అండీ?"

"దిగాను. నీకు మెసేజీ వచ్చిందే, ఆ రోజు."

"మరి మళ్ళీ ఎందుకెక్కారు?" అంది.

నీ కోసమే అని చెప్పబోయాను. అది కూడా అబద్ధమే. నాలుగు లక్షల లెక్క ఆ ఒక్క వారానిదే. అంతకు ముందు రెండేళ్ళు ఏ లెక్కా లేకుండానే ఎక్కాను. కంకిపాడు వస్తుండగా ఆమె ఫోను నా ఒళ్ళో పెట్టి, ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచింది. ఎప్పుడూ స్టాపు రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడటం ఆమె అలవాటు. బస్సు ఆగాక ఒక కాలు కింద పెట్టి, ఆగి, రెండో కాలు పెట్టింది. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. రోడ్డు దాటి బడి వైపు నడిచింది. ఆ బడిలో టీచర్లకి కుర్చీ వేయరు.