గోడకు అవతల పెద్దబాపు

పెద్దబాపు చనిపోయాడన్న కబురు నా ఫోనుకే వచ్చింది. ఆయనకు ఫోనులో మాట వినపడదు కనుక ఎవరు అడిగినా నా నంబరే చెప్పేవాడు. దవాఖానాలో కూడా అదే చెప్పినట్టున్నాడు. అవతలి మనిషి హిందీలో, మీరు ఆయనకు ఏమవుతారని అడిగాడు. కూతుర్ని అన్నాను.

నిజానికి ఆయన మాకు చుట్టం కాడు. సూరత్‌లోని లింబాయత్‌లో మావి పక్కపక్క గదులు, మధ్యలో ఒకటే గోడ. ఆయన, మా బాపు ఒకే ఊరి నుంచి ఇక్కడికి మరమగ్గాలు, మా మాటలో సాంచెలు, నడపడానికి వచ్చారు. బాపుకంటే వయసులో పెద్ద కనుక నాకు పెద్దబాపు. పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది. పిల్లలు లేరు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. నన్ను సైకిలు మీద తెలుగు బడికి తీసుకుపోయింది పెద్దబాపే. రాత్రంతా సాంచెల దగ్గర నిలబడి వచ్చి, మొహం కడుక్కుని, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. నిద్ర చెడగొట్టుకోకు అన్నా, అని అమ్మ మొత్తుకుంటే, "గింత దూరం తొక్కితెనే నాకు మంచిగ నిద్ర వడ్తది" అనేవాడు. నేను పెద్దయ్యేదాకా అది నిజమే అనుకున్నాను.

సాంచెల మోత ఆయన చెవులను తినేసింది. పెదాల కదలిక చూసి మాట పట్టేవాడు. గల్లీ చివర ఆడవాళ్లు ఆయన వంట గురించి గుసగుసలాడుకుంటే, ఇటు గడపలో కూర్చునే "నాకు వినవడ్డది" అని నవ్వేవాడు.

పెదాలు కనిపించనప్పుడు గోడ ఉండేది. స్టీలు గ్లాసుతో గోడను రెండుసార్లు కొడితే చాయ్ కావాలని. అమ్మ ఇటునుంచి కొట్టి జవాబు చెప్పేది. ఆయన అటువైపు అరచెయ్యి ఆనించి ఆ జవాబు అందుకునేవాడు. మా వెనక కార్ఖానాలో సాంచెలు నడిచినంతసేపూ గోడ సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఆ వణుకులో కూడా అమ్మ దెబ్బ ఆయన చేతికి తెలిసేది.

లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాయి. పుట్టిన దగ్గర్నుంచి ఆ మోతలో పెరిగినదాన్ని, ఆ నిశ్శబ్దానికే నాకు భయమేసేది. అప్పుడే ఆన్‌లైన్ క్లాసులో మా ఇంగ్లీషు మేడమ్, ఒక పాత దయ్యాలకొంప సినిమా చూసి నాలుగు మాటలు రాయమన్నారు. దయ్యం సినిమా నేను ఎన్నడూ చూడలేదు. బయట రోగం తిరుగుతుంటే ఇంట్లోకి దయ్యాన్ని తెస్తావా అని అమ్మ కేకలేసింది. మధ్యాహ్నం పూట ఫోను పట్టుకుని పెద్దబాపు గదికి పోయాను.

ఫోనును ఆయన స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టాం. నలుపు తెలుపు బొమ్మ, పెద్ద బంగళా, పొడుగు మెట్లు. సంగీతం పెరిగినప్పుడల్లా నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. ఆయనకు సంగీతం లేదు. ఆయన ముందున్నది ఒక గది, ఒక తలుపు, బెదిరిపోయిన ఇద్దరు మనుషులు, అంతే.

"ఏంది బిడ్డ, తలుపుకు భయపడ్తున్నవా?"

గోడ లోపలి నుంచి ఎవరో కొడుతున్నారని, అదే దయ్యమని, పెదాలు నిదానంగా కదిలించి చెప్పాను. ఆయన బొమ్మను కాసేపు చూశాడు.

"అవుతలికెల్లి ఎవలో పిలుస్తున్నరు గావచ్చు. పోయి సూడరాదు?"

నేను పడీపడీ నవ్వాను. మేడమ్‌కు రాసిన దాంట్లో ఆ మాటే లేదు. కెమెరా గురించి, నీడల గురించి రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఆ సాయంత్రం గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. కెవ్వుమన్నాను, చేతిలోని అన్నం గిన్నె జారిపోయింది. వెంటనే పోయి, కొన్నాళ్లు గోడ కొట్టొద్దని, నాకు భయమేస్తోందని ఆయనకు చెప్పాను. ఆయన నవ్వి, "సరే తియ్యి, ఇగ గోడ ముట్టను" అన్నాడు. చాయ్ కావాలంటే అప్పటినుంచి గడపదాకా వచ్చేవాడు. మళ్లీ కొట్టమని చెప్పాలని నాకు తోచలేదు.

వానలు మొదలయ్యే వేళకు సాంచెలు మళ్లీ నడిచాయి. పెద్దబాపుకు రాత్రి షిఫ్టు పడింది. మా గల్లీలో పగలు తలుపు మూసి ఉందంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడని అర్థం. ఆ తలుపు ఎవరూ తట్టరు, పిల్లలు కూడా అక్కడ గొంతు తగ్గిస్తారు. ఆయన తలుపు రెండు రోజులు మూసే ఉంది. మేమూ గొంతు తగ్గించుకునే తిరిగాం.

చాయ్‌కి కూడా రావట్లేదేమిటని చివరికి అమ్మే తలుపు నెట్టింది. మంచం గోడకు జరిపి ఉంది. గ్లాసు తలవైపు గూట్లో, చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఆయన ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి అందడం లేదు. అరచెయ్యి గోడకు ఆనించి ఉంది.

ఎందుకు కొట్టలేదని గడపలో నిలబడి అడిగాను. నా మూతికి మాస్కు ఉంది. ఆయన నా మొహమంతా వెతికాడు, మాట దొరకలేదు. మాస్కు కిందికి లాగి మళ్లీ అడిగాను. అమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి గుంజింది. అప్పటికే ఆయన చదివేశాడు.

"నువ్వు భయపడ్తవని" అన్నాడు.

రెండు రోజుల ముందు తెలిసినా ఏమీ మారేది కాదని బాపు అంటాడు. అయ్యుండవచ్చు. అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆయన మావైపు చూశాడు. అందరి మూతులకూ గుడ్డలే. ఎవరం ఏం చెప్పినా ఆయనకు చేరలేదు.

ఇప్పుడు ఆ గదికి తాళం ఉంది. గదిలోవి తీయడానికి ఎవరూ రాలేదు. గూట్లో గ్లాసు గోడకు తగిలే ఉన్నట్టుంది. కార్ఖానాలో సాంచెలు మొదలుకాగానే అవతలినుంచి సన్నగా, ఆగకుండా, గలగలమని వినిపిస్తుంది. ఆ చప్పుడు ఏమిటో మాకందరికీ తెలుసు. అమ్మకు మాత్రం గుబులు. ఇంటి ఓనరుతో చెప్పి ఆ గ్లాసు తీయించమంటుంది.

ఉండనియ్యమ్మా అంటాను. చదువుకుంటూ, ఎడమ చెయ్యి గోడకు ఆనించి కూర్చుంటాను.