పెరుగన్నం పిల్లి, మెత్తళ్ల వాసన

2016లో ఆమదాలవలసలో పశువుల డాక్టరుగా నాకో గది ఉండేది. అందులో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను చప్పుడుకి బెదిరిపోయే కిటికీ. గేదెలకీ మేకలకీ అలవాటుపడ్డ ఆ గదికి ఆ ఏడు కార్తీకమాసంలో రెండు పిల్లులు వచ్చాయి. వాటి వెనక సగం ఊరు వచ్చింది.

ధాన్యం వ్యాపారి సూరిశెట్టిగారు సముద్రస్నానానికి కళింగపట్నం వెళ్లి, ఎండుచేపలమ్మే ఎర్రమ్మ ఇంటిముందు ఒక తెల్లపిల్లిని చూశారట. ఒక కన్ను నీలం, ఒకటి పసుపు. అచ్చం ఆయనింటి పిల్లిలాగే. తప్పిపోయిన దాని పిల్ల ఇదే, ఎర్రమ్మే ఎత్తుకుపోయిందని ఆయన పట్టు. కాదని ఆమె అనలేదు, అవుననీ అనలేదు.

"దొంగని పేరు పడితే సంతలో నా తట్ట ముట్టీవోళ్లుండరు బాబూ," అంది నాతో.

శెట్టిగారు మాత్రం వియ్యంకుడి వంశం ఆరా తీసే గొంతుతో డీఎన్ఏ టెస్టు చేయించమన్నారు.

చెంప లోపల దూదిపుల్లతో రుద్ది తీసే నమూనాని స్వాబ్ అంటాం. ల్యాబ్‌లో అందులోని మార్కర్లు, అంటే పిల్లికీ పిల్లికీ మారే గుర్తులు చూస్తారు. ప్రతి గుర్తులో సగం తల్లిది, సగం తండ్రిది. తల్లి వాటా కనపడకపోతే బంధం లేనట్టే. ముందు తిండి మాత్రం పెట్టకూడదు, నమూనా పాడవుతుంది.

"మాది నీచు గుమ్మం తొక్కని ఇల్లు. మా పిల్లి పెరుగన్నం తప్ప ముట్టదు. అదీ పొద్దున్నించి లేదు," అన్నారు శెట్టిగారు.

అది ఎక్కేసరికి నా బల్ల మూలిగింది. పెరుగన్నంతో అంత ఒళ్లు రావాలంటే దాని పేర ఒక పాడిగేదెని రాసుండాలి. నోట్లోంచి పుల్ల తీస్తే గుప్పున మెత్తళ్ల వాసన, ఎండిన చిన్న చేపలది. పక్కన ఎర్రమ్మ ఉంది కదా, గాలి అటునుంచనుకున్నాను.

తల్లిపిల్లి నమూనాలో తిండి కలిసింది, మళ్లీ పంపమంది ల్యాబ్. ఈసారి దాన్ని నా దగ్గరే పస్తుంచాను. అది చూసిన చూపులకి నేను మంచం పట్టాల్సింది. చివరికి రిపోర్టొచ్చింది: ఇది దాని పిల్ల కాదనడానికి వీల్లేదు. అవుననడానికి ల్యాబ్‌వాళ్లు ఎంచుకున్న చుట్టుదారి అది.

శెట్టిగారు పోలీస్ స్టేషన్‌కి లేచారు. ఎర్రమ్మ మాత్రం ఆయనతో వచ్చిన భార్య రమణమ్మగారి వైపు ఒకసారి చూసి, తల దించుకుని పిల్లి వీపు నిమురుతూ కూర్చుంది. అప్పుడు తట్టింది నాకు ఆ వాసన సంగతి.

"శెట్టిగారూ, మొదటిసారి మీ పిల్లి నోరు మెత్తళ్ల వాసనేసింది. ఎవరు పెడుతున్నారు?"

ఫ్యాను కూడా ఆగి విన్నట్టనిపించింది.

"నేనే," అన్నారు రమణమ్మగారు. "సంతరోజు మీరు కొట్టుకెళ్లాక ఎర్రమ్మ పెరటి గుమ్మానికి మెత్తళ్లు తెస్తాది. ఓరోజు ఆ పిల్ల దాని ఖాళీ తట్టలో దూరి ఎలిపోనాది. తిరిగి తెస్తే మీకు తెలిసిపోతాదని, నువ్వే ఉంచీమన్నాను. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

శెట్టిగారు చాలాసేపు తన పిల్లినే చూశారు, పెళ్లాన్ని చూడ్డానికి ధైర్యం చాలనట్టు. తర్వాత ఎర్రమ్మతో అన్నారు.

"దాన్ని నువ్వే ఉంచుకో. సంతలో నేనే సెప్తాను. పెరటి గుమ్మానికి మాత్రం నేనున్నప్పుడు రా."

పిల్లి ఎవరి బిడ్డో రిపోర్టు సరిగ్గానే చెప్పింది. అది గుమ్మం ఎలా దాటిందో చెప్పడం దాని పని కాదు. అప్పట్నుంచి స్వాబ్ కవర్లో పెట్టేముందు ఒకసారి వాసన చూస్తాను. పిల్లి ఏం తిందో ఇంటాయన్ని అడగడం మానేశాను. ఇంటావిడనే అడుగుతాను, అదీ ఆయన్ని టీకి పంపించి.