నేను తెరిచి వదిలేసిన ఫోల్డర్

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

కరీంనగర్‌లో ఒక పెళ్లిసంబంధాల కేంద్రానికి వెబ్‌సైటు చూసేవాణ్ణి. దాన్ని నడిపే పెద్దాయనకు పాస్‌వర్డ్ అంటే పడదు. రోజూ మరిచిపోవడం, రోజూ నాకు ఫోన్ చేయడం. అన్నం ముందు కూర్చున్నా వదలడు. ప్రాణం విసిగి ఒకరోజు సర్వర్ సెట్టింగుల్లోకి వెళ్లి, లాగిన్ లేకుండా ఎవరైనా చూడొచ్చని అనుమతి ఇచ్చేశాను. మామూలు సంబంధాల పేజీ ఒక్కదానికే ఇవ్వాల్సింది. సైటు మొత్తానికీ ఇచ్చాను. పైన ఇచ్చిన అనుమతి లోపలి ఫోల్డర్లన్నిటికీ దిగుతుందని నాకు తెలియదా? తెలుసు. తర్వాత సర్దుదాంలే అనుకున్నాను, నా బద్ధకం తగలెయ్య.

లోపల మారుపెళ్లి కోరేవాళ్ల వివరాలున్నాయి. గుట్టుగా ఉంచుతామని మాటిచ్చి తీసుకున్నవి. నిర్మల్ నుంచి ఒకావిడ, భర్త పోయాక అత్తగారింట్లోనే ఉంటూ, ఎవరికీ చెప్పకుండా ఫోటో ఇచ్చింది. నెట్‌లో అది ఆమె మరిది కంటపడింది. అతను కేంద్రానికొచ్చి నానా రచ్చ చేశాడు. ఆమె భయపడి, నాకు ఏ పెళ్లీ వద్దంటూ వివరాలు తీయించేసుకుంది.

ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించేది నసీమక్క. ఆమే ఎవరికో చూపిస్తే నెట్‌లోకి ఎక్కిందని పెద్దాయన అనుమానం. సైటులో లోపమేమైనా ఉందా అని నన్ను పిలిపించాడు. అప్పటికే నేను సెట్టింగు చూసుకున్నాను, గప్‌చుప్‌గా సరిచేశాను కూడా. ఒక్క టిక్కు తీసేస్తే అయిపోయింది.

"తమ్మీ, నేనెవ్వలకు చూపియ్యలే. జర నువ్వన్న చెప్పు సార్‌కు," అన్నది నసీమక్క.

నేను స్క్రీన్ వైపు చూస్తూ అన్నాను.

"నాకేం ఎరుకక్కా. నా దిక్కు అంతా మంచిగనే ఉన్నది."

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. పెద్దాయన మళ్లీ పనిలోకి రానివ్వలేదు.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? పోతే ఇంకోటి దొరికేది. తప్పు చేశానని ఆ పెద్దాయన ముందు, పాస్‌వర్డ్ కూడా గుర్తుండని ఆ మనిషి ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. అంతే. ఇంత చిన్న కారణమా అని నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పెద్దాయన ఇప్పటికీ పాస్‌వర్డ్ మరిచిపోయి ఫోన్ చేస్తాడు. విసుక్కోకుండా చెబుతాను. నసీమక్క నంబరూ నా దగ్గరే ఉంది. ఒక్కసారీ కలపలేదు.

ఆమె ఎవరికీ చూపించలేదు. చూపించింది నేను. ఈ ముక్క రాశాక కొంచెం ఊపిరాడుతోంది, నాకు మాత్రమే.