పక్కచూపుల బావగారు

మా బావగారు దేన్నీ ఎదురుగా చూడరు, పక్కనుంచే చూస్తారు. పక్కచూపులంటే మీరనుకునేవి కావు, మా అక్క ఊరుకోదు. ఇది ఉత్త అలవాటు. వాళ్ల పెళ్లి ఫొటోలో అందరి మొహాలూ పడ్డాయి, ఆయనది మాత్రం చెవి పడింది.

అక్క పుట్టినరోజుకి కేకు తెస్తే, అందరం పైనుంచి పూలూ అక్షరాలూ చూసి మురిసిపోతున్నాం. ఆయన బల్లకి గడ్డం ఆనించి కేకు అంచుకేసి చూసి, "మూడు పొరలు. మధ్యదాంట్లో జామ్ ఎడంవైపుకి జారింది" అన్నారు.

"జారితే జారింది, ముందు లేచి కొవ్వొత్తి వెలిగించండి" అంది అక్క.

తప్పంతా ఉద్యోగానిది. మాది ఒకటే ఆఫీసు. ఉపగ్రహం పంపే కొలతలు నేను దింపుతాను, ఆయన చదువుతారు. మేఘాల కన్నా చాలా పైన ఉండే మధ్య గాలిని కనిపెట్టుకుని ఉండడం దాని పని. తిన్నగా కిందికి చూస్తే పై గాలీ కింది గాలీ కలగాపులగమైపోతాయట. అందుకని అది భూమి అంచుకేసి పక్కగా చూస్తుంది. ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో, ఎంత నీటి ఆవిరి ఉందో, గాలి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ దిగుతోందో అప్పుడు పొరలు పొరలుగా తెలుస్తుంది. ఏళ్ల తరబడి దాంతో కాపురం చేసి ఈయనా అలాగే తయారయ్యారు.

"గొడుగు పట్టుకెళ్తారా?" అని అక్క అడిగితే, "వాన కింది పొర వ్యవహారం, నన్నడక్కు" అంటారు. అని, తడిసి ముద్దై ఇంటికొస్తారు.

మా ఆఫీసులో గ్రాఫుల మేడం కొత్తగా చేరింది. ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఓ మీటింగులో తేలాలి. పాపం, నిద్ర మానుకుని పనిచేసి, మధ్య గాలి మొత్తం రెండు కిలోమీటర్లు కిందికి దిగిందని తెర మీద చూపించింది. బావగారు మాత్రం చెంప బల్లకి ఆనించి ఆ తెరని పక్కనుంచి చూస్తున్నారు.

"అమ్మా, గాలి ఒకచోట దిగితే ఇంకోచోట లేవాలి కదా? భూమి చుట్టూ ఒక్కసారే ఎలా దిగుతుంది?" అన్నారు పెద్ద సారు.

గదిలో ఉన్నవాళ్లందరూ ఆమె మొహంలోకే చూశారు. ఆమె కళ్లల్లోంచి నీళ్లు జారాయి.

అప్పుడు బావగారు చెంప మీద బల్ల గీతతోనే లేచారు. "గాలి దిగలేదు సార్. ఓజోనూ ఆవిరీ అన్నీ సరిగ్గా ఒకే కొలతలో దిగాయంటే, మన ఉపగ్రహమే తల కాస్త పైకెత్తిందన్నమాట. ఎత్తులన్నీ తప్పు పడుతున్నాయి. ఈ గ్రాఫులు లేకపోతే మనకెవరికీ తెలిసేదే కాదు. వెంటనే సరిచెయ్యాలి, అదీ ఈ మేడం చేతే చేయించాలి."

ఇదంతా ఆయన గోడకున్న స్విచ్చుబోర్డుతో చెప్పారు.

పెద్ద సారు లెక్క చూసుకుని, "నిజమే! మంచి పని చేశావమ్మా, ఇక నువ్వు మాతోనే ఉండాలి" అన్నారు. అందరూ ఉపగ్రహం గొడవలో పడ్డారు.

బయటికొచ్చాక అడిగాను. "బావా, ఆమె ఏడుస్తుంటే మీరు స్విచ్చుబోర్డుకేసి చూస్తారేంటి?"

"ఎదురుగా చూస్తే కళ్లు తుడుచుకోడానికి మొహమాటపడదుటోయ్?"

ఈ ముక్క ఇంటికెళ్లి చెబితే అక్క నవ్వింది. "నీకిప్పుడా తెలిసింది? కాపురానికొచ్చిన కొత్తలో నేను అన్నం మాడబెట్టినప్పుడల్లా ఈయన కిటికీకేసి చూస్తూ, బాగుంది బాగుంది అని గిన్నె ఖాళీ చేసేవారు."

ఆయన మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆ ఆదివారం కొత్త సెలూన్లో జుట్టు కత్తిరించుకుని, నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాను.

"ఎలా ఉంది బావా?"

"భేషుగ్గా ఉందోయ్" అన్నారు బావగారు, కిటికీకేసి తిరిగి.

అట్నుంచి అటే వెళ్లి టోపీ కొనుక్కున్నాను.