సగం ట్యాంకు

నీళ్ళు కలిశాయేమోనని రెక్క కింద గాజు గొట్టం పెట్టి పెట్రోలు పట్టి చూస్తుంటే నాలుగు చుక్కలు వేళ్ళ మీద పడ్డాయి. విమానాల పెట్రోలు లేత నీలంగా ఉంటుంది. వాసన మాత్రం ఘాటు, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా వదలదు. ఆ వాసన తగిలితే చాలు, నాకు డాక్టర్ నరసింహం గారు గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఈ ఉదయం ఆయన భార్య కామేశ్వరి ఆంటీ మా విమానం నిలిపే రేకుల షెడ్డులో మడత కుర్చీ వేసుకుని నావంకే చూస్తున్నారు. నాలుగు రాష్ట్రాల అవతల కమ్మింగ్‌లో ఉన్న ఆవిడ చెల్లెలు ఇల్లు అమ్మేస్తోందట. ఖాళీ చేసేలోగా ఆ ఇల్లు ఒకసారి చూడాలని, నా విమానంలో తీసుకెళ్ళమని ఆవిడే అడిగారు. చిన్న విమానం ఎక్కనని ఏళ్ళ తరబడి మొండికేసిన మనిషి! ఆఖరి నిమిషంలో కాదంటారేమోనని నా భయం.

నరసింహం గారు ఇక్కడ ఇర్వింగ్‌లో నలభై ఏళ్ళు ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నాకు పైలట్ లైసెన్సు వచ్చిన కొత్తలో ఈ షెడ్ల దగ్గరే పరిచయం. నాకు పుట్టుకతోనే నిలకడ తక్కువ. రెడ్ లైట్ దగ్గర కూడా కాలు ఊపుతూ కూర్చుంటాను. లైసెన్సు చేతికొచ్చాక సొంత విమానం పిచ్చి పట్టుకుంది. ఒకే ఇంజిన్‌తో వేగంగా పోయే విమానాలన్నిటినీ పక్కపక్కన పెట్టి ఆర్నెల్లపాటు స్ప్రెడ్‌షీట్ నింపాను. ఒకదానికి ఆపదలో విమానం మొత్తాన్నీ నేలకు దించే పారాచూట్ ఉంది. ఒకటి చక్రాలు పొట్టలోకి ముడుచుకుని దూసుకుపోతుంది. ఇంకొకటి టర్బో ఇంజిన్‌ది, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించుకుంటే చాలా ఎత్తున పోవచ్చు. నరసింహం గారిది ఆరు సీట్ల బండ విమానం, బరువు మోస్తుందే గానీ అన్నిటికంటే నిదానం. మర్యాదకని దాన్నీ ఆఖరి వరసలో రాశాను.

టర్బో విమానం మీద మనసు పడి, ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. "చూడండి అంకుల్, ఇదైతే మీ మరదలుగారుండే కమ్మింగ్‌కి నాన్‌స్టాప్. నాలుగు గంటలు కూడా పట్టదు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. "బావుందమ్మా. ఇందులో మనుషులేరీ?"

"నాలుగు సీట్లని రాశాగా."

"సీట్లు కాదు, మనుషులు. శనివారం మీ ఆయన్నీ పిల్లనీ తీసుకురా."

ఆయన షెడ్డు గుమ్మంలో బాత్రూంలో వాడుకునే బరువుల మిషన్ ఒకటుండేది. దాని మీద నిలబడనిదే ఎవరినీ విమానం ఎక్కనిచ్చేవారు కాదు. చేతిసంచీ, చెప్పులు, ఆవకాయ జాడీ అన్నీ పట్టుకునే నిలబడాలి. మా ఆయన శ్రీకాంత్ "అందరి ముందూనా అండీ?" అని గునిశాడు. నేను షీట్‌లో వేసుకున్న అతని బరువు డ్రైవింగ్ లైసెన్సు మీదిది, నాది మీనా పుట్టకముందుది. అసలు అంకెలు వేసేసరికి నా లెక్క తలకిందులైంది. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే ముగ్గురమూ సామానుతో ఎక్కలేం. "అయితే నేను స్టే చేయాలా అంకుల్?" అంది మీనా, పన్నెండేళ్ళది, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. ఆర్నెల్ల నా కష్టాన్ని ఈయన పది నిమిషాల్లో మట్టిపాలు చేశాడని ఒళ్ళు మండిపోయింది. శుక్రవారంలోగా సంతకం పెట్టకపోతే ఆ విమానం వేరేవాళ్ళు పట్టుకుపోతారన్న కంగారు ఒకటి.

మండిపాటు దాచుకోలేక "మీకు వేగమంటే పడదు అంకుల్" అనేశాను.

వెనక కుర్చీలో టిఫిన్ డబ్బా సర్దుతున్న ఆంటీ అందుకున్నారు. "ఈయనకా? ఒకప్పుడు ఈయనకున్న విమానం ఈ షెడ్లన్నిట్లోకీ స్పీడు. నన్ను దింపేసి వెళ్ళారు అందులో."

అప్పుడు చెప్పారు నరసింహం గారు, తల ఎత్తకుండానే. కమ్మింగ్‌లో ఆంటీ చెల్లెలి గృహప్రవేశం. ఆగస్టు ఎండ. నాన్‌స్టాప్‌గా తీసుకెళ్తానని ఇద్దరు డాక్టరు స్నేహితులను కూడా పిలిచారు. వాళ్ళు పెద్ద పెట్టెలతో వచ్చారు. వేడి గాలిలో విమానం సరిగా లేవదు, బరువు తగ్గించి తీరాలి. పెట్రోలు తగ్గించి, మధ్యలో ఒకచోట దిగి పోసుకోవడానికి ఈయనకు నామోషీ. అతిథులను దిగమనడానికి మొహమాటం. భార్య దగ్గర మొహమాటం ఏముంటుంది? "నువ్వు రేపు ఫ్లైట్‌లో వచ్చెయ్" అన్నారు. ఆవిడ పులిహోర గిన్నెతో రన్‌వే పక్కన నిలబడిపోయారు. మర్నాడు ఆవిడ వెళ్ళేసరికి పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఆయన ఆ విమానం అమ్మి, ఆవిడ కోసమే ఈ ఆరు సీట్లది కొన్నారు. ఆవిడ షెడ్డు దాకా టిఫిన్ తెచ్చేవారు, విమానం మాత్రం ఎక్కలేదు.

"ఒకసారి దింపినాయన మళ్ళీ దింపడని ఏంటమ్మా నమ్మకం?" అన్నారు ఆంటీ. కోపంగా కూడా కాదు, మామూలుగా. నరసింహం గారి ముఖం నేను చూడలేకపోయాను.

నేను ఆ టర్బో విమానమే కొన్నాను. మొండిదాన్ని. ఆయన కోప్పడతారనుకున్నాను గానీ, మొదటిరోజు బరువుల మిషన్ తెచ్చి మా షెడ్డు గుమ్మంలో పెట్టారు. "స్పీడు తప్పు కాదమ్మా. బరువెక్కువైతే పెట్రోలు తగ్గించు, మనిషిని తగ్గించకు" అన్నారు. అందుకే ఇంటిల్లిపాదీ వెళ్ళినప్పుడు నేను ట్యాంకు నింపను. మధ్యలో ఆగుతాను. ఆగిన ప్రతిసారీ విసుక్కుంటాను కూడా. అలా ఆగితే నా వేగమైన విమానం ఆయన బండ విమానంతో పాటే చేరుతుంది. ఆ సంగతి ఆయన ఉన్నప్పుడు ఒప్పుకోలేదు.

ఈ ఉదయం శ్రీకాంత్, మీనా, నేను వరసగా మిషన్ ఎక్కి దిగాం. ఆంటీ చేతిసంచీతో, స్టీలు గిన్నెతో ఎక్కారు. నేను కాగితం మీద అంకెలు కూడుతుంటే ఆవిడ అక్కడే నిలబడి నా ముఖంలోకే చూస్తున్నారు. సంచీ భుజానికి తగిలించుకుని, వెనక్కి తిరిగి వెళ్ళడానికి సిద్ధంగా.

"ఎక్కువైందా? నేను ఆగిపోనా అమ్మా?"

"లేదాంటీ" అని పెట్రోలు ట్రక్కుకి ఫోన్ చేశాను. ట్యాంకు సగానికే పోయమన్నాను.

"మధ్యలో ఆగాలా అయితే? ఎంత లేటవుతుంది?"

"ఒక గంట."

ఆవిడ గిన్నె మూత సరిచేసి అడిగారు, "ఆ రోజు మధ్యలో ఆగి ఉంటే కూడా గంటేనా?"

అబద్ధం చెప్పాలని ఎంతో అనిపించింది. "గంటే ఆంటీ" అన్నాను.

ఆవిడ తల ఊపి, మీనా చెయ్యి పట్టుకుని రెక్క మీదుగా లోపలికి ఎక్కారు. గిన్నె కింద పెట్టమంటే పెట్టలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నారు. నేను తలుపు వేసి, ఆవిడ బెల్టు సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాను.