గొంతుకు దొరికిన వంతు

మిర్యాలగూడ రైసుమిల్లులకు లారీలు పంపే ఆఫీసులో దస్రు పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. చిన్నప్పుడు తట్టు పోసి రెండు కళ్లూ పోయాయి. అయితేనేం, ఏ లారీ ఎప్పుడొచ్చిందో అడిగి చూడండి, మీరు కాగితం వెతికేలోపు చెప్పేస్తాడు. సూర్యాపేటలో ఆరు నెలలుండి కంప్యూటర్ నేర్చుకున్నాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అది చెప్పింది వింటూ కీబోర్డు మీద పని నడిపిస్తాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'గొంతు'.

లారీ ఆఫీసులో వంతు అంటే ఆషామాషీ కాదండోయ్. ముందొచ్చిన లారీకి ముందు లోడు. మధ్యలో ఎవరైనా దూరారో, డ్రైవర్లు చొక్కాలు పట్టుకుంటారు.

ఈసారి వరికోతల ముందు ఆఫీసులో కెమెరాలు పెట్టించారు. వాటి ప్రోగ్రాం, వైరస్‌ను పట్టేది, బిల్లులది, అన్నీ అదే ముసలి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అప్పట్నుంచి గొంతుకు నత్తి పట్టుకుంది. కరెంటు పోయి వస్తే అసలు పలికేదే కాదు, ఎవరో ఒకరు వచ్చి మౌసుతో నొక్కాలి. "జర గొంతు పెట్టుండ్రి" అని దస్రు పిలవడం, "ఆగు, వస్తున్నం" అని వాళ్లు అనడం. ఎవరి సాయమూ అడగకుండా పనిచేసుకున్న మనిషికి ఎంత చిన్నతనం!

ఓ రోజు కాకినాడ లోడు అచ్చయ్య లారీకి రావాలి. దస్రు బాణం గుర్తు నొక్కుకుంటూ పోయి, అచ్చయ్య నంబరు వినబడగానే ఎంటర్ కొట్టాడు. చేతికంటే గొంతు రెండు లైన్లు వెనకబడి ఉందని ఆయనకేం తెలుసు? లోడు కాస్తా రెండు లారీల అవతలివాడికి పోయింది. రెండు రోజులుగా లారీ పక్కనే వండుకు తింటూ కాచుకున్న అచ్చయ్య ఆఫీసు పీకి పందిరేశాడు.

"గుడ్డోన్ని కూసోబెట్టి మా కడుపుల మీద కొడ్తరా?"

ఆఫీసు నడిపే లారీల సంఘం సెక్రటరీ శంకరయ్య చెడ్డవాడేం కాదు. కానీ డ్రైవర్లకు జవాబు చెప్పుకోవాలి కదా. "దస్రూ, సోమవారం దాకా సూస్త. మల్ల గిట్లనే అయితే నీ కుర్సీల ఇంకొకల్ని కూసోబెడ్త. నన్ను తప్పు పట్టకు" అన్నాడు. ఆ పూట దస్రు టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

శుక్రవారం కెమెరాలు సరిచూడటానికి కోదాడ నుంచి ప్రవళిక వచ్చింది. పాతికేళ్ల పిల్ల. దస్రు తన గోడు చెప్పుకున్నాడు. ఇంకొకరైతే "కొత్త కంప్యూటర్ కొనండి" అని చేతులు దులుపుకునేవారు. ఈ పిల్ల ఏం చేసిందో తెలుసా? తెర ఆర్పేసింది. ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకుంది. కళ్లు మూసుకుని అరగంట సేపు లారీల జాబితాలో తిరిగింది. మూడు తప్పులు చేసింది.

"అమ్మో! దీంతో ఎట్లా నెట్టుకొస్తున్నారన్నా? నాకు పిచ్చెక్కిపోయింది."

కంప్యూటర్ లేవగానే గొంతు దానంతటదే మొదలయ్యేలా పెట్టింది. ఆపి మళ్లీ వేస్తే పలికింది కూడా! దస్రు పొంగిపోయాడు. రెండు నిమిషాలైందో లేదో, మళ్లీ నత్తి. ప్రవళిక మళ్లీ కీబోర్డు ముందుకు జరిగింది. టీ వస్తే వద్దంది, టకటకా ఏదో వెతుకుతూనే ఉంది. చివరికి దొరికింది. ఇలా దానంతటదే మొదలయ్యేలా పెట్టిన ప్రోగ్రాంకు ఆ కంప్యూటర్ తక్కువ ప్రాధాన్యం ఇస్తుందట. మిగతావాటి పని చూశాకే దీని మాట వింటుందట.

"అసలే కెమెరాల రద్దీ, పైగా నేనే దాన్ని ఇంకా వెనక్కి నిలబెట్టానన్నా. సారీ."

"అంటే గొంతుకు వంతు దొరుకుతలేదా?"

"అంతే అంతే! ఉండండి, ముందుకు తెస్తాను."

గొంతు ప్రాధాన్యం పై స్థాయికి మార్చింది. కెమెరాలను ఒక మెట్టు దించింది. అక్కడితో లేచిపోలేదు, ఆ మార్పులన్నీ కీబోర్డుతో ఎలా చెయ్యాలో దస్రు చేత మూడుసార్లు చేయించింది. "రేపు ఇంకెవరో ఇంకోటి ఎక్కిస్తారు. మీరే సరిచేసుకోవాలి, నాకోసం చూస్తూ కూర్చోకూడదు" అంది.

సోమవారం పొద్దున డ్రైవర్లంతా కిటికీ దగ్గర మూగారు. వాళ్లందరి ముందే శంకరయ్య కావాలని కంప్యూటర్ స్విచ్చి ఆర్పి మళ్లీ వేశాడు. ఎవరూ మౌసు ముట్టలేదు. దస్రు ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కుకున్నాడు. అంతలో చెవిలో గొంతు పలికింది, ఎక్కడా తడబడకుండా. మిల్లు నుంచి లోడు చెప్పారు. మధ్యలో ఒక లోడు దింపి వచ్చిన అచ్చయ్యదే ఈసారీ వంతు. నంబరు వినబడగానే దస్రు ఆగాడు. ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాడు. ఎంటర్ కొట్టాడు.

అచ్చయ్య చీటీ అందుకుని నంబరు చూసుకున్నాడు. "నాదే" అన్నాడు. చీటీ జేబులో పెట్టుకుని, "అన్నా, ఆనాడు నోరు జారిన. మనసుల పెట్టుకోకు" అన్నాడు. శంకరయ్య దస్రు భుజం తట్టి, "ఇగ నీ కుర్సీకి ఢోకా లేదు" అని తన గదిలోకి పోయాడు.

మధ్యాహ్నం దస్రు కోదాడకు ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో పొద్దుట్నుంచీ కూడబలుక్కున్నదంతా ఆ పిల్ల "హలో అన్నా" అనగానే ఎటో పోయింది.

"బిడ్డా, చిన్నప్పటి సంది దవాఖానల డాక్టర్లు నా కండ్లు సూసిండ్రు. ఆఫీసులల్ల నా సర్టిఫికెట్ సూసిండ్రు. నా చెవిల ఏం ఇనబడ్తుందో కూసొని ఇన్నదానివి నువ్వొక్కదానివే."